ముత్తుసామి ఒంట్లో గాలి

గంజి అన్నంలో ఉండాల్సిన వస్తువని డాక్టర్ సంజీవి నమ్మకం. చొక్కాలో ఉండాల్సిన వస్తువని ఆయన భార్య సరోజాదేవి నమ్మకం. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఏ నమ్మకం గెలిచిందో ఆయన మెడ చూస్తే తెలిసిపోతుంది. కాలరు రంపంలా కోస్తోంది. ఎడమకు తిరిగితే ఎడమన, కుడికి తిరిగితే కుడిన. అందుకని తమిళనాట రాజపాళయం సర్కారు ఆసుపత్రి వెనకగదిలో, మధ్యాహ్నం రెండు గంటలకు, ఆయన ఎటూ తిరక్కుండా పెళ్ళిఫోటోకు కూర్చున్న మనిషిలా బల్ల మీది ఫారాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా చొక్కా కరకరమంటోంది. ఆ కరకర వినకుండా ఉందామంటే కుదరడం లేదు, ఎందుకంటే పొద్దున పది గంటలకు ముత్తుసామి శవం మెడ మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కినప్పుడు కూడా ఇదే చప్పుడు, చెవికి కాదు, వేళ్ళకు వినిపించే చప్పుడు, గంజిబట్ట మడత విప్పినట్టు, ఎండిన పత్తికాయ డొప్పల మీద అడుగేసినట్టు. మెడ నుంచి ఛాతీకి, ఛాతీ నుంచి చంకలకు, పైకెళితే చెంపలకు, కనురెప్పలకు. కనురెప్పలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. చర్మం కింద గాలి. మనిషి ఒంట్లో గాలి ఉండాల్సిన చోట్లు దేవుడు కొన్నే ఇచ్చాడు, వాటిలో కనురెప్ప లేదు. మూడు గంటలకు కానిస్టేబుల్ కుమారసామి వచ్చి ఫారం పట్టుకుపోతాడు. అందులో గడులన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. ఆ గడిలో రాయాల్సింది ఒక్క ముక్క: ఆ గాలి ప్రాణం ఉండగా లోపలికి పోయిందా, ప్రాణం పోయాక పోయిందా.

ప్రాణం పోయాకే అని పోలీసు కాగితం చెబుతోంది. పోలీసు కాగితంలో కథ చాలా శుభ్రంగా ఉంది, సరోజాదేవి ఉతికించినట్టు. సేత్తూరు ముత్తుసామి, వయసు ఇరవై ఎనిమిది, నూలుమిల్లులో దూది దులిపే యంత్రం దగ్గర పని. పొద్దున ఏడు గంటలకు షిఫ్టు విడిచే వేళ గుండెనొప్పి వచ్చి పడిపోయాడు. ప్రాణం నిలబెడదామని పక్కనున్నవాళ్ళు మంచిమనసుతో గాలిగొట్టం తెచ్చి నోట్లో గాలి పెట్టారు, అప్పటికే ప్రాణం పోయింది. ఆ గొట్టం సంగతి ఊరందరికీ తెలుసు. మిల్లులో పనిచేసేవాడు షిఫ్టు అయ్యేసరికి దూది అంటుకుని ముసలివాడైపోతాడు, కనుబొమ్మలు నెరిసిపోతాయి, అలాగే ఇంటికెళితే సొంతపిల్లలు తాతా అని పిలుస్తారు. అందుకని యంత్రాలు దులపడానికి పెట్టిన గాలిగొట్టం కింద వరసగా నిలబడి వీపూ తలా పంచే దులుపుకుని పోతారు. స్నానం కంటే వేగం, సబ్బు అక్కర్లేదు. ఆ గాలికి పంచె ఊడినవాళ్ళున్నారు, కావాలని ఊడగొట్టినవాళ్ళూ ఉన్నారు. ఇదంతా అందరికీ తెలిసిందే, తెలియనిదల్లా ఆ రోజు పోలీసులకు అంత తొందర ఎందుకు పుట్టిందని. మామూలుగా శవం దగ్గర విచారణ తేలేసరికి పొద్దు వాలుతుంది. సాక్షి సంతకానికి పెద్దమనుషులు దొరకరు, దొరికితే కలం దొరకదు, కలం దొరికితే ఇంకు ఉండదు. ఈసారి గంటలో అన్నీ దొరికాయి, ఇంకు సీసాతో సహా. సాయంత్రానికి దహనం అయిపోవాలని మిల్లువాళ్ళు వ్యాను కూడా పంపారు. తప్పు చేసినవాడు ఆలస్యం చెయ్యాలి, ఇది తెలివిగలవాళ్ళ సూత్రం. మన ఊళ్ళో మాత్రం పలుకుబడి ఉంది కదా అని తొందరపడతారు, పలుకుబడి ఉండి వాడకపోతే బూజు పడుతుందని భయం. ఒక్కరోజు ఆగి ఉంటే ఈ ఉక్కకు శవం తనంతట తానే ఉబ్బేది, కుళ్ళుగాలి ఒళ్ళంతా నిండేది, ఏది ఎవరు పెట్టిన గాలో బ్రహ్మదేవుడు కూడా తేల్చలేకపోయేవాడు. పది గంటలకు బల్ల మీద పడుకున్న ముత్తుసామి ఒంట్లో ఇంకా వేడి ఉంది. వాసన లేదు, పచ్చరంగు లేదు. కుళ్ళుగాలి కాదు. అంతమటుకు మిల్లువాళ్ళే దగ్గరుండి రుజువు చేసిపెట్టారు.

కిటికీరెక్క ధడేలుమంది. ఆడినెల, తమిళుల ఆషాఢం, కొండల మీంచి గాలి దిగుతోంది. ఆడిగాలికి పచ్చళ్ళు నూరే అమ్మిరాయి కూడా ఎగురుతుందట, ఈ ఊళ్ళో తెలుగువాళ్ళూ తమిళులూ కలిసి నమ్మే కొద్ది విషయాల్లో అదొకటి. అమ్మిరాయి ఎగరడం సంజీవి ఎప్పుడూ చూడలేదు గానీ ఫారం ఎగరబోయింది, దాని మీద ఎముకల కత్తెర పెట్టాడు. గాలి కనపడదు కదా, మరి దాన్ని కోర్టుకు ఎలా చూపించడం అని మద్రాసులో చదివే రోజుల్లో ఎవరో అడిగితే ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని 'నీళ్ళలో' అన్నాడు, క్లాసంతా వేదవాక్కులా రాసుకుంది. సంజీవి రాసుకోలేదు. ఆ సంగతి ఆయనకు ఎనిమిదో ఏటే తెన్‌కాశి రోడ్డు సైకిల్‌షాపులో తెలుసు, ట్యూబును బేసిన్లో ముంచి పిండితే ఎక్కడ బుడగ లేస్తే అక్కడ కన్నం, గంటలకొద్దీ చూస్తూ నిలబడితే నాన్న వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోయి 'డాక్టరు కావల్రా నువ్వు, పంక్చరు వేసేవాడు గాదు' అన్నాడు. ఊరి పక్కనున్న సంజీవి కొండ పేరు పెట్టినందుకు కొడుకు చచ్చినవాళ్ళను లేపుతాడని ఆయన ఆశ. నాన్న ఇప్పుడు లేడు, ఉంటే ఈ పొద్దున కొడుకు ఏం చేశాడో చూసి ఆ చెవి మళ్ళీ పట్టుకునేవాడు: ముత్తుసామి ఛాతీ తోలును పక్కకు ఒలిచి, సంచిలా ఎత్తిపట్టి, అందులో చెంబుడు నీళ్ళు పోసి, నీళ్ళ అడుగున పక్కటెముకల సందులో కత్తిమొన గుచ్చాడు. బుడబుడమంది. ఎడమవైపు ఆగకుండా బుడగలు లేచాయి, లోపల ఊపిరితిత్తి పిడికిలంతయి మూలకు నక్కి ఉంది, గాలి బయట నిలబడి దాన్ని నొక్కేసింది. గొంతు వెనకగోడకు అంగుళం చిరుగు. చిరుగు అంచులు రక్తంతో నానిపోయి ఉన్నాయి. తరవాత గుండె చుట్టూ ఉన్న పొరను తెరిచి, నీళ్ళు పోసి, కుడిగదిని నీళ్ళ అడుగునే కోశాడు. మళ్ళీ బుడగలు, వాటి వెనకే రక్తం నురగనురగగా, చిలికిన మజ్జిగలా.

చెంబు పట్టుకుని నిలబడింది సుడలైమణి, శవాలగది పనివాడు. తమిళుడే గానీ ఈ ఊళ్ళో పుట్టినవాడు కనక తెలుగు కూడా పుట్టుకతోనే వచ్చింది. ఈ ఉద్యోగానికి ముందు సంతలో మేకలకు తోలు ఒలిచేవాడు, ఇప్పటికీ ఆదివారాలు పిలిస్తే పోతాడు, ఆ సంగతి సంజీవికి తెలియదని వాడి నమ్మకం.

"డాక్టరయ్యా, ఈ చేతితో ఎన్ని మేకలకు ఒలిచింటినో తెలుసునా? కాలికాడ చిన్న గాటు పెట్టి నోటితో ఊదుతాము. చచ్చిన మేక. తోలు తెల్లగా, కాగితంమాదిరి లేస్తాది, ఒక చుక్క నెత్తురు ఉండదు. ఇది చూడండి." మెడ దగ్గర తోలు కింద నురుగునురుగ్గా ఉన్న కండను చిటికెనవేలితో చూపించాడు. సన్నటి ఎర్రటి గీతలు, బుడగ చుట్టూ బుడగ చుట్టూ. "ఇంత ఎర్రగా ఉండాది. ఇది చచ్చినంక ఊదినది కాదు."

"కోర్టుకు వచ్చి ఈ మాట చెప్తావా సుడలై?"

"వస్తే 'నువ్వు చూసింది మేకనా, మనిషినా' అని వకీలు అడుగుతాడు సామీ. మీరే చెప్పండి. మీకు కోటు ఉండాది."

పుస్తకంలో ముప్ఫై పేజీల్లో ఉన్నదీ అదే. గొంతు చిరుగులోంచి గాలి గుండెదాకా తనంతట తాను నడిచిపోదు. దాన్ని మోసుకుపోవాలి. మోసేది పారే రక్తం, రక్తం పారాలంటే గుండె కొట్టుకోవాలి. చచ్చినవాడి నోట్లో మిల్లు గాలంతా పెట్టినా పొట్ట ఉబ్బుతుంది, అంతే. పొట్టా ఉబ్బే ఉంది, చూశాడు, అందులో ఉత్త గాలి, నురగ లేదు, నెత్తురు లేదు. అంటే రెండు గాలులు. ఒకటి ముందు, ఒకటి తరవాత. పోలీసు కాగితం రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని దాచేసింది, పెళ్ళిచూపుల్లో చిన్న కూతుర్ని చూపించి పెద్ద కూతురి చెయ్యి పట్టించినట్టు.

చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చేసరికి ఒక అమ్మాయి ఉంది. ముత్తుసామి భార్య ధనం. ఏడవడం అయిపోయిందో ఇంకా మొదలు కాలేదో తెలియని ముఖం. మీ ఆయనకు ముందునుంచీ గుండెజబ్బు ఉండాలి, దాచిపెట్టి పనిలో చేరి ఉంటాడు అని మిల్లు గుమస్తా అప్పటికే ఆమెకు ఓదార్పు చెప్పి వెళ్ళాడట. చచ్చినవాడి మీద ఒక అబద్ధం, అది కూడా ఓదార్పుగా.

"అయ్యా, ఎదనొప్పి అంటున్నారు. మొన్న బస్సు తప్పిపోతే సేత్తూరినుంచి నన్ను సైకిలు వెనక కూచోబెట్టుకొని తొక్కినారు, ఇంత ఎదురుగాలిలో. నొప్పి ఉండే మనిషి తొక్కుతాడా?"

"చూస్తామమ్మా."

"మొగం ఏమిటికి అట్ల ఉబ్బినాది? నేను చూసి వేరే ఎవరో అనుకుంటిని. మా ఆయన కాదు, ఇంటికి పోదామనుకుంటిని."

"చూస్తామమ్మా" అని సంజీవి మళ్ళీ అన్నాడు. సర్కారు ఉద్యోగంలో చేరిన పదేళ్ళలో ఆయన ఎక్కువసార్లు వాడిన మాట అదే. చూడము అనడానికి సర్కారు భాషలో ఇంకో మాట లేదు. కానీ ఈసారి నిజంగా చూశాడు, అప్పుడే చూసి వచ్చాడు, వేళ్ళ మీద ఆ కరకర ఇంకా ఉంది, అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది. ఆమె తల ఊపి గోడకు జారగిలబడింది. ఇప్పుడూ అక్కడే ఉండాలి, తలుపు తెరిస్తే కనబడుతుంది. అందుకే తలుపు తెరవడం లేదు.

బల్ల చివర నాలుగు గిన్నెల క్యారియరు ఉంది. తెచ్చింది మామగారు దొరసామి రాజా. స్వయంగా తెచ్చాడు, అదే వింత. అల్లుడు డాక్టరని ఊరంతా చెప్పుకునే మామగారు అల్లుడు శవాలు కోస్తాడని మాత్రం ఎవరికీ చెప్పడు, చేయి చూస్తాడు, మందు రాస్తాడు అంటాడు. శవం కోసిన రోజు ఆ ఇంట్లో ఈయన ఊరగాయ జాడీ ముట్టకూడదు, మూడు రోజులు. సరోజాదేవి పెరట్లో నీళ్ళు తోడిపెట్టి పసుపు కలిపి 'అక్కడే పోసుకోండి, లోపలికి రావద్దు' అంటుంది. క్లబ్బులో పేకాటకు పిలవరు, పిలిచినా ఈయన పంచిన ముక్కలు గెలవవట. అలాంటిది పన్నెండున్నరకు దొరసామి రాజా శవాలగదికి పదడుగుల దూరంలో కూర్చుని అల్లుడికి స్వయంగా అన్నం వడ్డించాడు, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా.

"తినండి అల్లుడుగారూ. తిని తీరుబాటుగా రాయండి. ఒకే ఒక మాట గదా."

"ఏ మాట మామా?"

"గాలి ఉండాదని రాయండి. గొట్టంతో పెట్టినారని రాయండి. నేనేమన్నా అబద్ధం రాయమంటినా? 'చచ్చినంక' అని ఒక మాట చేర్చండి. ఒక మనిషికి పుణ్యం."

"మిల్లువాళ్ళు వచ్చి అడగల ఈ మాట. మీరు ఏమిటికి వచ్చినారు?"

దొరసామి రాజా రసం పోశాడు. రెండోసారి కూడా పోశాడు, మొదటిది అలాగే ఉన్నా. "గొట్టం పట్టుకొనుండింది మన శంకర" అన్నాడు.

శంకర. సరోజాదేవి తమ్ముడు, ఆ మిల్లులోనే షిఫ్టు సూపర్వైజరు, ఇంటిల్లిపాదికీ నవ్వు సరఫరా చేసేవాడు. ఈయన పెళ్ళిలో పీటల మీద కూర్చుని ఉండగా చెప్పుల్లో బెల్లంపాకం పోసింది వాడే, పందిరంతా నవ్వింది, చీమలు కూడా వచ్చాయి. పిన్నిగారి కళ్ళజోడుకు మసి పూసింది వాడే, ఆమె సాయంత్రమైందనుకుని దీపం పెట్టింది. ప్రతి ఇంట్లో ఇలాంటివాడు ఒకడుంటాడు, వాడి చేత దెబ్బతిన్న ప్రతివాడూ పక్కవాడు దెబ్బతినేటప్పుడు నవ్వడానికి ముందువరసలో నిలబడతాడు. మా శంకర ఉంటే ఇల్లు కలకలమంటాది అంటుంది సరోజాదేవి. నవ్వనివాణ్ణి సిడుమూంజి అంటారు, ముఖం మాడ్చుకునేవాడని. ఆ పేరు ఒకసారి పడితే పెళ్ళికి పిలిచేటప్పుడు కూడా దాంతోనే పిలుస్తారు. సంజీవికి మొదటి ఏడాదే ఆ పేరు పడబోయింది. అప్పటినుంచి నవ్వుతూనే ఉన్నాడు, జోకుకు అర క్షణం ముందే, ఎందుకైనా మంచిదని.

వాడు కూడా వచ్చాడు. ఒంటిగంటన్నరకు, మామగారు వెళ్ళాక, తలుపు దగ్గరికి కాదు, వెనకవైపు కిటికీ దగ్గరికి. నూనె రాసుకోని జుట్టు ఆడిగాలికి నిలబడిపోయింది, ఇంకో రోజైతే దాని మీదే ఒక జోకు వేసేవాడు.

"బావా, సుమ్మా విళయాట్టుకే చేసినాను. ఊరికే, ఆటకు. వాని మీద నాకేమి పగ? రోజూ ఎవరికో ఒకరికి చేసేదే. అందరూ నగుతారు."

"ముత్తుసామి?"

"వాడూ నగినాడు బావా. నగితే నోరు తెరుచుకొనింది. దగ్గర పెట్టేసినాను. రెండు సెకండు. తల్లి మీద ఒట్టు, రెండే సెకండు."

"మళ్ళా?"

"గొంతు పట్టుకొని పడినాడు. మొగం ఉబ్బినాది. ఊపిరి చాలలేదేమో అనుకొని..." కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "మళ్ళా గొట్టం పెట్టినాను. బతకల్నని పెట్టినాను బావా. అది రాయండి. అదీ నిజమే గదా?"

అదీ నిజమే. గాలి వల్ల పోతున్నవాడికి ఇంకాస్త గాలి. మిల్లులో దేనికైనా మందు అదే, యంత్రం ఆగితే గాలి, నూలు చిక్కుపడితే గాలి, ఒళ్ళు మురికైతే గాలి. పొట్టలో ఉన్నది ఆ రెండో గాలి, శంకర దయగా పెట్టింది, నెత్తురు లేనిది. గుండెలో ఉన్నది మొదటిది. ముత్తుసామి ఎందుకు నవ్వాడు? అంత బాగుందా ఆ జోకు? సూపర్వైజరు జోకు బాగుండదా? నవ్వనివాడికి మర్నాడు ఏ యంత్రం పడుతుందో మిల్లులో అందరికీ తెలుసు. నవ్వు కూడా షిఫ్టు పనే, అందరితో పాటు నోరు తెరవాలి, తెరిచాడు. రాత్రంతా దూది పీల్చి, కనుబొమ్మలు నెరిసి, ఇంటికెళ్ళి పడుకుందామని నిలబడ్డ మనిషి, సూపర్వైజరు మనసు నొచ్చుకోకూడదని నోరు తెరిచాడు.

కాలరు మళ్ళీ కోసింది. గుండీ విప్పుకున్నాడు, విప్పుకున్నాక గుర్తొచ్చింది, గుర్తు రాకూడదనే ఇంతసేపూ గుండీ పెట్టుకుని కూర్చున్నాడేమో. పోయిన ఏడు ఆయుధపూజ. యంత్రాలకు చందనం, కుంకుమ, గుమ్మడికాయలు, సూపర్వైజర్ల కుటుంబాలన్నీ పట్టుచీరల్లో మిల్లు చూడ్డానికి వచ్చాయి. శంకర గొట్టం తీసుకుని ముందు బావ పంచె ఎగరేశాడు. తరవాత రెండడుగుల దూరంలో నిలబడి బావ ముఖానికి పెట్టాడు. బుగ్గలు పొంగాయి, పెదవులు ఫడఫడమన్నాయి, జుట్టంతా వెనక్కి పోయింది. సరోజాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మామగారు నవ్వాడు. వరసలో నిలబడ్డ పనివాళ్ళు కూడా నవ్వారు, పదిహేను ఇరవైమంది. వాళ్ళలో ముత్తుసామి ఉన్నాడా? ఉండే ఉంటాడు. డాక్టరు నవ్వగా చూసి ఉంటాడు. ఈ గొట్టంలో ఒత్తిడి ఎంత ఉంటుంది, నోటికి దగ్గరైతే ఏమవుతుంది అని ఆ ఊళ్ళో తెలిసిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ అడుగుదామనుకున్నాడు కూడా. మాట నాలుక చివరిదాకా వచ్చింది, అడిగితే నవ్వు చెడుతుందని మింగి, అందరికంటే పెద్దగా నవ్వాడు. నోరు తెరుచుకునే. తన నోరూ ముత్తుసామి నోరూ ఒకే జోకుకు తెరుచుకున్నాయి. మధ్యలో తేడా రెండడుగులు.

రెండుంబావు. రెండున్నర. మంచిమనిషిగా తప్పుకునే దారి కూడా ఒకటుంది, అది ఆయనకు తెలియక కాదు. 'చచ్చినవాడి కేసులో నా బంధువు ఉన్నాడు, నేను రిపోర్టు రాయను' అని గౌరవంగా ఒక కాగితం పెట్టొచ్చు. అందరూ మెచ్చుకుంటారు, ఎంత నిజాయితీ అంటారు. పెద్ద డాక్టరు తలనీలాల మొక్కుకు లీవు మీద ఉన్నాడు కనక శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఇంకొకరు రేపు రావాలి. రేపటికి ముత్తుసామి ఉబ్బుతాడు. పాతగాలి, కొత్తగాలి, దయగాలి, కుళ్ళుగాలి అన్నీ ఒకటైపోతాయి, కోసిన గుండెలో బుడగలు ఇప్పటికే లేవు, వాటిని చూసింది తనూ, సాక్ష్యానికి మేకల గురించి తప్ప తెలియదనే సుడలైమణీ. నిజాయితీగా తప్పుకుంటే నిజం మూట కట్టుకుని వ్యానెక్కుతుంది. మర్యాదస్తులు పాపం చేసే పద్ధతే అది, చేతికి అంటకుండా, సంతకం మాత్రం అందంగా. చెయ్యను అనుకున్నాడు సంజీవి. ఎవరో ఎదురుగా నిలబడి వాదిస్తున్నట్టు పైకే అన్నాడు. తరవాత ఏమవుతుంది? ట్రాన్స్‌ఫర్. సర్కారు తన డాక్టర్లకు దేశం చూపించేది అలాగే, మంచినీళ్ళు లేని ఏదో ఊరు, అక్కడ గంజికి కూడా నీళ్ళుండవు, అదొక సుఖం. మామగారి గుమ్మం? పదకొండేళ్ళు ఎక్కాడు, మోకాళ్ళకు విశ్రాంతి. క్లబ్బు? ఇప్పటికీ పిలవడం లేదు. లెక్క వేస్తుంటే తను పోగొట్టుకునేవి చాలామటుకు తనకు లేనివే అని తేలి, ఈ పెద్దమనిషి బతుకంతా ఇంతేనా అని సిగ్గేసి, ఆ సిగ్గులోంచి ఒక మొండితనం పుట్టింది. నవ్వనుపోరా. సిడుమూంజి అంటారా, అనుకోండి. ఈ ఊళ్ళో ఒక్కడైనా నోరు మూసుకుని ఉండాలి, వెధవ జోకు వేసినప్పుడు. ఒక్కడైనా నోరు తెరవాలి, అది జోకు కాదని చెప్పడానికి.

సరోజ. లెక్కలో సరోజను వేయలేదు. ఆ పేరు దగ్గర కలం ఆగింది. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమె, తల్లి పోతే. వాడు మొదటి జోకు వేసింది ఆమె మీదే, ఆమె నవ్వింది కనకే రెండోది వేశాడు. ఫడఫడమని గాలి. కత్తెర పక్కకు జరిపాడు. ఇంగ్లీషులో రాశాడు, తెలుగులో అనుకుంటూ, ఒక్కో మాటా చదువుకుంటూ: గొంతు చిరిగి గాలి చొరబడ్డది, రక్తనాళాల్లోకి పోయి గుండెకు చేరింది, ప్రాణం ఉండగానే. పొట్టలో గాలి వేరు, అది తరవాత పెట్టినది కావచ్చు. గుండెజబ్బు ఆనవాలు ఏమీ లేదు. ఆ ముక్క కింద గట్టిగా గీత గీశాడు, ధనం కోసం. ఇంకో వాక్యం కూడా చేర్చాడు, ఫారంలో దానికి గడి లేదు కనక అంచు వెంట నిలువుగా: గొట్టం పట్టుకున్నవాడని చెబుతున్న శంకర ఈ సంతకం చేసినవాడి భార్యకు సొంత తమ్ముడు, ఆ సంగతి శవం కోసిన తరవాత తెలిసింది, ఇంకెవరైనా డాక్టరు చూడాలనుకుంటే గుండె, గొంతు సీసాల్లో భద్రంగా ఉన్నాయి. రేపు వకీలు వచ్చి కనిపెట్టినట్టు చెప్పే సంతోషం వాడికి దక్కకూడదు. సంతకం పెట్టాడు. మామూలుగా ఎవరికీ అర్థం కాని సంతకం, ఈసారి బడిపిల్లలా విడివిడిగా రాశాడు.

కుమారసామి అయిదు నిమిషాలు ముందే వచ్చాడు, కవరు తీసుకుని "ఎదనొప్పే గదా సార్?" అన్నాడు, ఊరికే, మాట కోసం.

"కాదు" అన్నాడు సంజీవి.

తలుపు తెరిచాడు. ధనం లేచి నిలబడింది. సంజీవి ఈసారి చూస్తామమ్మా అనలేదు. "ఆయనకు ఏ జబ్బూ లేదు. ఆయన ఏమీ దాచలేదు. రాసి పంపినాను" అన్నాడు. ఆమె ఆయన ముఖంలోకి చూస్తూనే ఉంది, అందుకని ఇంకా అక్కడే నిలబడితే ఏడుపొస్తుందని సైకిల్‌స్టాండు వైపు నడిచాడు. అక్కడ శంకర ఉన్నాడు, గంటన్నరగా ఉన్నాడు.

"శంకరా, ప్రాణం ఉండేప్పుడే పోయిన గాలి అని రాసినాను. నువ్వు నా బామ్మర్ది అని కూడా రాసినాను. మళ్ళా పెట్టింది బతికించేదానికి అని నువ్వే పోలీసు దగ్గర చెప్పుకో. వాళ్ళు వచ్చేదానికి ముందే పో. నేను నీతో వస్తాను."

శంకర చెయ్యి ఎత్తాడు, కొడతాడనుకున్నాడు సంజీవి. ఎత్తిన చెయ్యి జుట్టులో పెట్టుకున్నాడు. "సరి బావా. పోదాము" అన్నాడు. తరవాత, "అక్కకు ఎవరు చెప్పల? మీరా, నేనా?"

అయ్యలారా, అమ్మలారా, కథ చెప్పేవాడికి ఇక్కడ దారి తెలియడం లేదు, డాక్టరుకు అసలే తెలియడం లేదు. చచ్చినవాడి సంగతి రాయడానికి ఫారం ఉంది, గడులున్నాయి, పుస్తకం ఉంది, చెంబు పట్టుకునే సుడలైమణి ఉన్నాడు. పెంచిన చేతులకు ఈ మాట చెప్పడానికి ఏ ఫారమూ లేదు. స్టేషనుకు వెళ్ళే దారిలోనే ఇల్లు, ఆసుపత్రి నుంచి ఏడు నిమిషాల నడక, అందులో నాలుగు నిమిషాలు అయిపోయాయి. ఎదురుగాలిలో సైకిలు నడిపించుకుంటూ ఈయన, పక్కన వాడు. గుమ్మంలో నిలబడి చెప్పాలా, లోపలికెళ్ళి కూర్చోబెట్టి చెప్పాలా? ముందు ముత్తుసామి పేరు ఎత్తాలా, శంకర పేరా? ఆమె ఏడిస్తే పక్కన కూర్చోవచ్చా, ఏడిపించినవాడే? మీ ఇళ్ళలోనూ ఇలాంటివి జరిగే ఉంటాయి, పైకి చెప్పుకోరు గానీ, అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా దయచేసి ఒక్క మాట చెప్పండి, ఇంకో మలుపు తిరిగితే గుమ్మం కనబడుతుంది. ఏ సలహా ఇచ్చినా చేస్తాడు. కాగితం వెనక్కి తీసుకోమని మాత్రం చెప్పకండి.